కరిగేటప్పుడు కళ్లెదుటే ఉండాలి

మా చిన్నమ్మ తన సొమ్ములు అమ్మాలని నిశ్చయించుకున్నది 2025 భాద్రపదంలో. శ్రావణం పెళ్లిళ్లు అయిపోయి, దసరా కొనుగోళ్లు ఇంకా మొదలుకాని రోజులవి. బంగారు కొట్లలో జనం పలచగా ఉంటారు. కొట్టువాడికి మన వస్తువును నిదానంగా చూసే తీరిక ఉంటుంది, మనకు నాలుగు ప్రశ్నలు అడిగే వీలుంటుంది. నన్ను తోడు రమ్మన్నది. నేను స్కూల్లో లెక్కలు చెబుతానని ఆమె నమ్మకం.

అప్పు బోర్ల వల్ల వచ్చింది. గిద్దలూరు చుట్టుపక్కల ఈ మాట చెబితే ఇంకేమీ అడగరు. నల్లమలకూ వెలిగొండలకూ నడుమ ఉన్న నేల మాది. వాన కురిసిన ఏడు పచ్చగా ఉంటుంది, కురవని ఏడు బత్తాయి చెట్లు నిలువునా ఎండుతాయి. చెట్లను కాపాడుకోవాలని బోరు వేయిస్తారు, పడకపోతే పక్కనే ఇంకోటి వేయిస్తారు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల తవ్వకం పూర్తయినా శ్రీశైలం నీళ్లు అప్పటికి మా పొలాలకు చేరలేదు. చిన్నాన్న రాసిచ్చిన ప్రోనోటు రెండు లక్షలకు, వడ్డీ నూటికి రెండ్రూపాయలు. వినడానికి రెండే. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు, అంటే నలభై ఎనిమిది వేలు. ఇప్పుడు అమ్మబోయే నగలనే చిన్నమ్మ ఇదివరకు కుదువ పెట్టి విడిపించింది, విడిపించి మళ్లీ పెట్టింది. కట్టిన వడ్డీలన్నీ కూడితే సొమ్ము విలువలో మంచి భాగమే పోయిందని ఆమెకు తెలుసు. అందుకే ఈసారి తాకట్టు వద్దన్నది.

చిన్నాన్న రాలేదు. ఆడవాళ్ల సొమ్ము అమ్మడం ఆయనకు తలవంపులుగా ఉంది. చిన్నమ్మకు అలాంటిదేమీ లేదు. ‘‘మా అమ్మ పెట్టిన సొమ్ము. పెట్టిందే ఇట్లాంటి రోజు కోసం’’ అన్నది. చట్టమూ ఆమె మాటే చెబుతుంది. పుట్టింటివాళ్లు ఇచ్చిన సొమ్ము స్త్రీధనమనీ, దాని మీద పూర్తి హక్కు ఆమెదేననీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అమ్మాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ ఇష్టానికి తగ్గ ధర వచ్చేలా చూడటం వరకే నా పని అనుకున్నాను.

సంచిలో ఉన్నవి ఇవి: కెంపు రాళ్లు పొదిగిన పతకంతో గుండ్ల పేరు ఒకటి, మా జేజి కాళ్లకు పెట్టుకున్న వెండి కడియాలు, చిన్నమ్మ కూతురి చిన్నప్పటి పట్టీలు, పాత రూపాయి బిళ్లలు కొన్ని. పుస్తెలూ మెట్టెలూ ఇంట్లోనే ఉన్నాయి. వాటి మాటే రాలేదు.

ముందు గిద్దలూరులోనే ఒక కొట్లో అడిగాం. ఊరి దగ్గరి కొట్టు, ముఖపరిచయం ఉన్నవాళ్లు. ఆయన గుండ్ల పేరు తీసుకుని లోపలికి వెళ్లాడు. తక్కెడ బల్లకు అవతలివైపు ఉంది, అంకెలు మాకు కనపడవు. తిరిగి వచ్చి చెప్పిన లెక్క ఇది: మొత్తం తూకం 32.4 గ్రాములు, లక్కకూ రాళ్లకూ 4.4 తీసేస్తే 28. పాత సొమ్ము గనుక వన్నె 75. మేలిమి 21 గ్రాములు. ‘‘ఎక్కడికి పోయినా ఇంతేనమ్మా, పాతకాలపు సొమ్ములన్నీ ఇట్లాగే ఉంటాయి’’ అన్నాడు. లక్క 4.4 గ్రాములని కోయకుండా ఎలా తెలిసింది, వన్నె 75 అని దేన్నిబట్టి అన్నారు అని అడిగాను. అనుభవం అన్నాడు. అనుభవం ఉండొచ్చు, కానీ మేం చూసింది ఒక్కటీ లేదు. ఇంకోచోట కూడా అడిగి వస్తామని చెప్పి సొమ్ము తిరిగి తీసుకున్నాం. ఆ మాట అనడానికి చిన్నమ్మ మొహమాటపడింది. మా వైపు ఆడవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఈ మొహమాటం దగ్గరే. ఒకసారి బల్ల మీద పెట్టిన సొమ్మును వెనక్కి అడగడం తప్పని అనుకుంటారు.

మర్నాడు పొద్దున గిద్దలూరులో గుంటూరు వైపు వెళ్లే బండి ఎక్కాం. నంద్యాల నుంచి నల్లమల ఘాట్ దాటి దిగువమెట్ట మీదుగా వచ్చే దారి ఇది. ఒకప్పుడు మీటర్ గేజ్. మా జేజి ఆ చిన్న బండిలోనే పుట్టింటికి వెళ్లివచ్చేది. అప్పటికి గిద్దలూరు, కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు ఒంగోలు వైపు కలిపారు. దారి పొడవునా ఎడమ పక్క నల్లమల నీలంగా కనిపిస్తూనే ఉంది. చిన్నమ్మ సంచిని కొంగు కింద పెట్టుకుని, ఎవరితోనూ మాట కలపకుండా కూర్చుంది.

కంభంలో దిగాం. మా జేజికి నగలు బాగుచేసి పెట్టిన కంసాలి కుటుంబంలోని పెద్దాయన ఇంకా అక్కడ ఉన్నాడు. ఇప్పుడు పని మానేశాడు. వీధివైపు గదిలో ఆయన పాత సామాన్లు మాత్రం అలాగే ఉన్నాయి: కుంపటి, ఊదుగొట్టం, పటకారు, చిన్న సుత్తులు, నల్లగా నిగనిగలాడే గీటురాయి. ‘‘నేను కొనేవాణ్ని కాదు తల్లీ. చూసి చెబుతా, అంతే’’ అన్నాడు.

గుండ్ల పేరును ముందు చెవి దగ్గర పెట్టి ఊపాడు. తర్వాత గొలుసు కొక్కెం దగ్గర ఒకసారి, గుండు మీద ఒకసారి, పతకం వెనక ఒకసారి రాయి మీద గీశాడు. పక్కనే, తెలిసిన వన్నెల బంగారం కొసకు అతికించిన పుల్లలతో మరికొన్ని గీతలు గీశాడు. వాటన్నిటి మీదా యాసిడ్ చుక్క అద్దాడు. కొక్కెం దగ్గరి గీత వెంటనే పాలిపోయింది. గుండు గీత నిలబడింది. ‘‘చూడు, కొక్కెం దగ్గర టంకం ఎక్కువ. అక్కడ గీసి వన్నె చెబితే డెబ్బై ఐదే వస్తుంది. గుండు మీద గీస్తే తొంభై దగ్గర. మొత్తం కరిగితే ఎనభై ఐదుకూ తొంభైకీ మధ్య ఉంటుంది’’ అన్నాడు.

ఒక వస్తువులోనే ఇన్ని వన్నెలు ఎందుకుంటాయో ఆయన విడమరచి చెప్పాడు. అతుకు పడాలంటే టంకం బంగారం కంటే ముందే కరగాలి. అందుకని అందులో రాగి, వెండి కలుపుతారు. గుండ్ల పేరులో గుండుకు రెండు అతుకులు. ఎన్ని గుండ్లుంటే అంత టంకం. గుండ్లు రేకుతో చేస్తారు గనుక సొట్ట పడకుండా లోపల లక్క నింపుతారు. ఇదంతా మోసం కాదు, పనితనంలో భాగం. కొట్టువాడు టంకం ఉన్నచోట గీసి దాన్నే మొత్తం వస్తువు వన్నెగా చెప్పినప్పుడు మాత్రం మోసమవుతుంది.

మా జేజి పెళ్లినాటి సంగతి కూడా ఆయన నోటనే విన్నాను. 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగ 14 క్యారెట్లు మించి చేయకూడదన్నారు. అంటే నూటికి యాభై ఎనిమిదిన్నర వన్నె. అది పెళ్లికి ఎవరు పెట్టుకుంటారు? కుంపట్లు ఆరిపోయాయి. ఆయన తండ్రి కొన్నాళ్లు కూలికి పోయాడు. దేశంలో చాలాచోట్ల కంసాలులు ప్రాణాలు తీసుకున్నారు. కొన్నేళ్లకు ఆ 14 క్యారెట్ల నియమం పోయినా, 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది. అది 1990 దాకా ఉంది. ఆ రోజుల గురించి చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతులో కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గనక్కర్లేదు కూడా. చేతిలో విద్య ఉన్నవాణ్ని ఒక్క ఉత్తర్వుతో కూలివాణ్ని చేసిన కాలం అది.

బయల్దేరుతుంటే చిన్నమ్మతో, ‘‘మిషన్‌లో పెట్టి నంబరు చూపిస్తారు. ఆ నంబరు పైపైనే చూస్తుంది. కరిగించి, ఆ ముద్దను మళ్లీ పెట్టమను. కరిగించేటప్పుడు నువ్వు అక్కడే నిలబడు. లోపలికి రావద్దంటే సొమ్ము తీసుకుని వచ్చేయ్’’ అన్నాడు. ఆ రోజంతా మేం చేసింది ఆయన చెప్పిన ఈ మాట ప్రకారమే.

కంభం దాకా వచ్చి చెరువు చూడకుండా పోవడం మా ఇంట్లో లేదు. ఆటో మాట్లాడుకుని కట్ట మీదికి వెళ్లాం. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట. విజయనగరం రాజుల కాలంలో, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. అయిదు వందల ఏళ్లుగా ఈ చెరువు కింద పొలాలు పండుతున్నాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చిన్నమ్మ నీళ్లవైపు చాలాసేపు చూసింది. ‘‘ఈ నీళ్లు మనవైపు వచ్చేటట్టుంటే సంచి ఇంట్లోనే ఉండేది’’ అన్నది. అందులో నిష్ఠూరం లేదు. చెరువు కింద పొలం ఉన్నవాళ్ల సొమ్ముకూ, బోరు కింద పొలం ఉన్నవాళ్ల సొమ్ముకూ ఉన్న తేడా అదే.

కంభం నుంచి తర్లుపాడు మీదుగా బస్సులో మార్కాపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. మా చిన్నప్పుడు బళ్లో పట్టుకున్న పలకలు ఈ ఊరివే. చెన్నకేశవస్వామి గుడివైపు దణ్ణం పెట్టుకుని, పాత నగలు కరిగించి కొనే కొట్టుకు వెళ్లాం. అక్కడ ఒక సుగాలి ఆమె కూతురితో కలిసి వెండి గాజులు అమ్మడానికి కూర్చుని ఉంది.

ఆ కొట్లో తక్కెడ రెండువైపులా కనపడేట్టు పెట్టారు. తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర ఆ ఏడాదిదేనా అని చూశాను. ఖాళీ పళ్లెంతో సున్నా చూపించమన్నాను, చూపించాడు. గుండ్ల పేరు తూకం గిద్దలూరులో చెప్పినంతే, 32.4. అంటే తేడా తూకంలో లేదు, ఆ తర్వాతి లెక్కలో ఉంది. పతకంలో కెంపులు ఊడదీసి పొట్లం కట్టి మాకే ఇచ్చాడు. రాళ్లకు వాళ్లు ధర కట్టరు. వాళ్లు కట్టనంత మాత్రాన వాటిని వదిలేసి రావాల్సిన పని లేదు.

ముందు మిషన్‌లో పెట్టాడు. ఎక్స్‌రే పంపి, తిరిగి వచ్చే కిరణాలను బట్టి ఏ లోహం ఎంతుందో అది చెబుతుంది. ఒకచోట 91 దాటి చూపించింది, ఇంకోచోట 83. పెద్దాయన చెప్పినట్టు అది చూసేది పైపొర మాత్రమే. కరిగించమన్నాం. ‘‘కరిగిస్తే మళ్లీ నగ కాదమ్మా. ధర నచ్చకపోతే ముద్దగానే తీసుకుపోవాలి’’ అని కొట్టాయన ముందే చెప్పాడు. ఇది సరైన మాట. ఈ మాట చెప్పకుండా కరిగించేవాళ్లు ఉంటారు. ఒకసారి ముద్ద అయ్యాక అమ్మేవాళ్లకు వెనక్కి తగ్గే ధైర్యం పోతుంది. నేను చిన్నమ్మ ముఖం చూశాను. ఆమె ‘‘కరిగించు నాయనా’’ అన్నది.

వెనక గదిలోకి మేమిద్దరం వెళ్లాం. మూసలో గుండ్ల పేరు వేసి గ్యాస్ మంట పెట్టాడు. ముందు లక్క అంటుకుని నల్లటి పొగ వచ్చింది, గదంతా లక్క వాసన. తర్వాత గుండ్లు ఒక్కొక్కటే కుంగాయి. వెలిగారం చల్లాడు. మురికి ఒకవైపుకు పోయింది. బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో అది ఒక్కసారిగా దగ్గరపడి గుండ్రంగా తిరిగింది. ముప్పై ఏళ్లు మెడలో ఉన్నది అలా ఐపోతుంటే కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. చిన్నమ్మ కళ్లు మూస మీద నుంచి కదల్లేదు. మూసకు ఏమైనా అంటుకుని మిగిలిందా అని వంగి చూసింది. మూసను బోర్లించి తట్టి చూపించమన్నది. చూపించాడు.

ముద్ద 27.9 గ్రాములు. దాన్ని గీకి, అటూ ఇటూ తిప్పి మిషన్‌లో పెడితే 87.5. మేలిమి లెక్కలో 24.4 గ్రాములు. కరిగింపు ఖర్చుకూ కొట్టు లాభానికీ నూటికి రెండు తీసుకుంటానన్నాడు. అది పోను 23.9. గిద్దలూరులో చెప్పిన 21కీ దీనికీ తేడా దాదాపు మూడు గ్రాములు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పది గ్రాముల మేలిమి లక్ష రూపాయలు తాకింది, తర్వాత ఇంకా పెరిగింది. మూడు గ్రాములంటే దాదాపు ముప్పై వేలు. కంభం దాకా రైలుకూ, అక్కడినుంచి బస్సుకూ మేం పెట్టింది ఆ ముప్పై వేలలో లెక్కలోకి రాదు.

వెండి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. వెండికి హాల్‌మార్క్ 2005 నుంచి ఉన్నా అప్పటికి తప్పనిసరి కాలేదు. బంగారానికైతే, హాల్‌మార్క్ తప్పనిసరైన జిల్లాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) లేకుండా కొట్లు నగ అమ్మకూడదు. వెండిలో కొనేటప్పుడు చెప్పిన మాటకూ, అమ్మేటప్పుడు తేలే నిజానికీ చాలా దూరం ఉంటుంది. జేజి కడియాలు 412 గ్రాములు, వన్నె 78. పాత రూపాయలు కరిగించి చేయించినవని ఇంట్లో చెప్పుకునేవారు. మేలిమి 321 గ్రాములు తేలింది. కొట్లో స్వచ్ఛమైన వెండి అని కొన్న పట్టీలు మాత్రం 58. చిన్నమ్మకు బాధ కలిగింది ఇక్కడే. ఆ పట్టీలు ఆమె ఉపాధిహామీ కూలి డబ్బులతో కొన్నవి.

రూపాయి బిళ్లలను కొట్టాయన అన్నీ కలిపి తూకం వేయబోతే ఆపాను. వాటిని రాజును బట్టి, ఏడాదిని బట్టి వేరు చేయాలి. అయిదో జార్జి బొమ్మవి తొమ్మిది. ఒక్కోటి పాత తులం, అంటే 11.66 గ్రాములు, వెండి నూటికి 91.7. ఆరో జార్జి బొమ్మవి అయిదు, అన్నీ 1940 తర్వాతివి. యుద్ధకాలంలో ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. ఇంకొకటి 1947 నాటిది, వెనక పులి బొమ్మ ఉంది. అది పూర్తిగా నికెల్, అయస్కాంతానికి అంటుకుంది. అన్నీ ఒక కుప్పగా పోసి ‘సగం వెండి’ అని లెక్క కడితే మొదటి తొమ్మిదింటిలోనే నలభై గ్రాములకు పైగా వెండి పోయేది. విడదీసి తూచాక కొట్టాయన ఒప్పుకున్నాడు. పులి రూపాయి మాకు తిరిగి ఇచ్చాడు.

డబ్బు విషయంలో కొట్టాయన నగదు పదివేలే ఇచ్చాడు, మిగతాది ఖాతాలో వేస్తానన్నాడు. వ్యాపారులు పదివేలు దాటిన నగదు చెల్లింపును ఖర్చుగా చూపించుకోలేరు, అందుకే ఈ పద్ధతి. ఎవరి ఖాతా అని అడిగాడు. చిన్నాన్న ఖాతా నంబరు చిన్నమ్మ దగ్గర రాసి ఉంది. నేను ఆమెదే ఇవ్వమన్నాను. ఆమె కొంచెం ఆగి తన పాస్‌బుక్కే తీసింది. ఆధార్ నకలు తీసుకున్నారు. పాత సొమ్ముకు రసీదు లేదు గనుక తన సొంతమేనని రాసి సంతకం పెట్టించుకున్నారు. దొంగసొమ్ము కొంటే కొట్టుకే ముప్పు కాబట్టి ఈ ప్రశ్నలు అడగడం మంచిదే. అడగని చోటే అనుమానించాలి. ఇంట్లో వాడుకున్న పాత నగ అమ్మినవాళ్ల మీద జీఎస్టీ పడదు. ఆ పేరుతో ఎవరైనా మూడు శాతం కోస్తే ఒప్పుకోకూడదు. మొదటి తూకం, కరిగాక తూకం, వన్నె, ఆనాటి ధర, కోత, అన్నీ విడివిడిగా ఉన్న బిల్లు రాయించుకున్నాం. చిన్నమ్మ ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం.

అంతసేపూ పక్కన కూర్చుని మమ్మల్నే చూస్తున్న సుగాలి ఆమె, తన గాజులు మిషన్‌లో పెట్టగానే లేచి నిలబడి, ‘‘మాది కూడా కరిగించి చూడు సామీ. నేనూ లోపలికి వస్తా’’ అన్నది. చిన్నమ్మ ఆమె కూతుర్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ల లెక్క తేలేదాకా కదలనన్నది. సాయంత్రం బస్సు తప్పిపోయింది, తర్వాతి దానికి వచ్చాం.

రెండో రోజు చిన్నాన్న వడ్డీతో సహా బాకీ కట్టి ప్రోనోటు వెనక్కి తెచ్చాడు. రెవెన్యూ స్టాంపు మీద ఆయన సంతకం అడ్డంగా కొట్టేసి ఉంది. చిన్నమ్మ దాన్ని బిల్లుతో కలిపి ట్రంకుపెట్టెలో పెట్టింది. మిగిలిన డబ్బు ఆమె ఖాతాలోనే ఉంది. మళ్లీ బోరు మాట ఎత్తిన చిన్నాన్నతో, ముందు భూగర్భజలాల వాళ్లను పిలిపించి నేల చూపించమనీ, అప్పుడు మాట్లాడదామనీ చెప్పింది.